బోరు పొడి

దేవరకొండ బస్టాండు ఎదురుగా
పాషా సార్ స్టూడియోలో కరెంటు ఉన్న మధ్యాహ్నం.
కేతావత్ హునియా నెగటివ్ తెచ్చాడు,
ఎప్పటిదో ఎన్నికల కరపత్రంలో చుట్టి.
"పన్నెండు పద్దెనిమిది సైజు గావాలె మేడం.
మా యాడి మొఖం సాఫుగ కనవడాలె."

మొదటి ప్రింటు
బొంబాయి రవ్వ చల్లినట్టు వచ్చింది.
స్కానరులో దుమ్ము తీసే మీట నొక్కాను.
కలర్ ఫిల్ము మీద మాత్రమే నడిచే ఆ తెలివి
వెండి ముందర గుడ్డిదైంది,
ముక్కుపుల్లని కూడా దుమ్మనుకొని మింగింది.
షార్ప్‌నెస్ తీసేశాను.
అద్దం తుడిచాను, నా కండ్లద్దాలూ తుడిచాను.
పదహారు బిట్లు పెట్టి మూడుసార్లు స్కాన్ చేసి
ఒకదానిమీద ఒకటి పేర్చితే
నీడల్లో పురుగులాట కొంచెం తగ్గింది.
నిగనిగల కాగితం మార్చి గరుకుది పెట్టాను.
అయినా ఆకాశం జల్లెడే.

పాషా సార్ చాయ్ సాసర్ల పోసుకుంటూ
సగం నేరం ఒప్పుకున్నాడు:
"ఏప్రిల్ నెల. డెవలపర్ కాగిన నీళ్ళలెక్కుండె.
ఐసు దొరకలే. కడిగింది ఉప్పు నీళ్ళతోని.
గింజ ఉబ్బదా మరి?"

తర్వాత భూతద్దం అడిగాడు.
లైటు బల్ల మీద వంగి
చాయ్ చల్లారేదాకా మాట్లాడలేదు.

"ఇటు సూడు బిడ్డా.
కింద, చీర అంచు కాడ గింజ సన్నగుంది.
మీద, గాలిల, దొడ్డుగుంది.
ఒక్క ఫిల్ముకు గింజ రెండు తీర్లెట్లుంటది?
గది నా తప్పు గాదు. బోరు పొడి."

తండాలో అది నాలుగో బోరు.
మూడు వందల అడుగులు దాటినా
బండ తెల్లగా లేస్తూనే ఉందట.
ఎవరూ దూరం జరగలేదట,
పొడి ఏ క్షణాన తడిగా మీద పడుతుందోనని.

పొద్దంతా తుడిచినవన్నీ
ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చాను.
రెండు గీతలు మాత్రం పూడ్చాను, అవి మావే.
అడిగిన సైజుకే తీశాను:
ఆమడ నుంచి ముఖం,
దగ్గరికొస్తే రాయి.

హునియా ప్రింటు పట్టుకొని
వాకిట్లో ఎండలోకి పోయాడు.
ముందు ముఖం చూడలేదు.
తల్లి చాచిన అరచేతిని
బొటనవేలితో రుద్దాడు.

"పడ్డయా నీళ్ళు?" అనడిగాను.
"ఆయాల పడలే" అన్నాడు.

పైసలు లెక్కపెట్టి ఇచ్చాడు.
కవరు వద్దన్నాడు.