నూట పన్నెండో పేజీ

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
నూట ఎనభై అన్నాడు, నూట ఇరవైకి ఇచ్చాడు.
ఇటుకంత పుస్తకం. వెనక అట్ట లేదు.
లోపల నీలం ఇంకుతో
బి. నీరజాక్షి, చిక్కడపల్లి.
కింద ఒక తేదీ, నేను ఆరో తరగతిలో ఉన్నప్పటిది.

క్యాట్‌కి ఇంకా ఏడాదిన్నర ఉంది.
"ఇప్పట్నుంచేనా?" అని క్లాసంతా నవ్వింది.
కోఠి బస్టాపులో షాహీన్ మాత్రం నవ్వలేదు.
"సగం చింపి నాకియ్యి" అంది.

మూసాపేటలో మాది గదిన్నర ఇల్లు.
ఆ అర గదీ అమ్మ పీకో మిషనుది.
అది ఆరున్నరకి లేస్తుంది, నేను ఐదింటికి.
నల్లా వచ్చే రోజు ఆ గంటన్నరా ఉండదు:
బిందెలు, పైపు,
మోచేతిదాకా తడిసిన నిష్పత్తులు.

నీరజాక్షి పెన్సిల్ రాత సన్నగా ఉంటుంది.
తప్పైతే కొట్టెయ్యదు,
చుట్టూ సున్నా చుట్టి పక్కన "అయ్యో" అని రాస్తుంది.
ముప్పై నాలుగో పేజీలో మూడు అయ్యోలు.
అరవైలో టీ మరక.
ఎనభై ఒకటిలో ఎవరిదో ఫోన్ నంబరు,
చివరి రెండంకెలు పురుగు తినేసింది.
ఆమె జవాబులు రబ్బరుతో తుడిచి
అదే చోట నేను చేస్తున్నా.
అయ్యోల్ని తుడవబుద్ధి కాలేదు.

చక్రవడ్డీ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను.
సూత్రం వచ్చు, సంగతి రాదు.
ఎవరిదో చీరకి ఫాల్ కుడుతూ అమ్మ అంది:
"లక్ష చీటీ. ఇరవై మందిమి.
మూడో నెలల యాదమ్మ ఇరవై వేలు తక్కువకు పాడి ఎత్తుకున్నది.
మాకు తలా వెయ్యి మిగిలె.
ఇగ చెప్పు, యాదమ్మకు వడ్డీ ఎంత పడ్డట్టు?"
నేను కాగితం వెతుక్కునేలోపు
పంటితో దారం తెంపి తనే చెప్పేసింది.
పేజీన్నర నింపాక నాకూ అదే వచ్చింది,
దాదాపు.
ఏడులోనే బడి మాన్పించిన సంగతి
ఈసారి కూడా ఎత్తలేదు అమ్మ.
పెడల్ తొక్కింది.

వానలు మొదలయ్యాక వచ్చింది నూట పన్నెండో పేజీ.
కాలం, దూరం.
రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరాయి.
నీరజాక్షి సగం లెక్క రాసి
సమానం గుర్తు పెట్టి
ఆగిపోయింది.

తిప్పాను. తెలుపు.
ఇంకా తిప్పాను.
ఏడొందల పేజీల తెలుపు.
ఉద్యోగం దొరికిందా? జ్వరమొచ్చిందా?
ఇంతకన్నా మంచి పుస్తకం కొనుక్కుందా?
ఆ రాత్రి కరెంటు పోయిందేమో, అంతేనేమో.
ఆలస్యంగా మొదలుపెట్టిందో
నాలాగే మరీ ముందుగా మొదలుపెట్టి
మధ్యలో ఎటో మళ్లిందో
ఆ తేదీ చెప్పదు.

ఇన్నాళ్లూ ఇద్దరం చదువుతున్నామనుకున్నాను కాబోలు,
గది ఒక్కసారిగా పెద్దదైపోయింది.

బయట పిల్లర్ల మీద మొదటి మెట్రో పోయింది.
కాసేపటికి ఎదురునుంచి ఇంకోటి.
ఎక్కడ కలుస్తాయో ఎవరూ అడగకుండానే
రెండూ కలిసి విడిపోయాయి,
మా కిటికీకి కాస్త ఎడమగా.

పెన్సిల్ చెక్కాను.
ఆమె సమానం గుర్తుని అలాగే ఉంచి
దాని పక్కనుంచి అందుకున్నాను.
ఆరూ పది. మిషను లేవడానికి ఇంకా ఇరవై నిమిషాలు.
వెనక చూస్తే జవాబు వేరే ఉంది.
సున్నా చుట్టి
అయ్యో, అని రాశాను.