జాకెట్లు కుట్టే మనిషి

స్కార్ఫులు కుట్టాలక్కా అని వచ్చినారు ముందు.
ముదురు నీలం, మూడు మూలలు, పదకొండు.
బడి యూనిఫారమేమో అనుకున్నా.
కాదంట. సముద్రపు స్కౌట్లంట.
నవ్వొచ్చింది నాకు.
చిత్తూర్లో సముద్రమా?
నీవా నదిలో మోకాటి లోతు నీళ్లు
ఎప్పుడు చూసినామో మా వీధి మరిచిపోయింది.

ఎస్తేరమ్మ పెద్దాసుపత్రిలో నర్సు.
రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మొహంతోనే
నా మెడలో ఉండే కొలతల టేపు లాగి
మిషను మీద పరిచింది.
"ఈ కొస మన గిరింపేట. ఆ కొస తూపిలిపాలెం రేవు.
మధ్యలో దూరముంది గానీ,
సముద్రం లేకుండా పోలేదు గదా."
కూలెంతని అడిగినా.
జీతం ఎవరికీ లేదన్నది.

"జాకెట్లు తక్కువున్నాయక్కా" అన్నాడు దిలీపు.
"ఎవరి కొలత?" అన్నా, నోట్లో గుండుసూదులతో.
పిల్లోళ్లు పడీ పడీ నవ్వినారు.
నా బతుకులో జాకెట్టంటే
హుక్కులు, చేతిపట్టీ,
పెండ్లినాటికి ఇయ్యకపోతే తిట్లు.
నారింజ రంగులో, లోపల నురగ కుక్కి,
మనిషిని మునగనీయని జాకెట్టొకటి ఉంటుందని
నలభై రెండేళ్లకు తెలిసింది.

ఉండేవి ఏడు. పిల్లలు పదకొండు.
నలుగురు ఎప్పుడూ గట్టు మీదే,
వంతుల పలక పట్టుకోని.
తెగిన పట్టీలు రెండింటికి
నైలాన్ దారంతో నాలుగు వరసలు వేసిచ్చినా.
ఎస్తేరమ్మ గుంజి చూసింది,
వజ్రవేలు గుంజి చూసినాడు,
ఇద్దరూ నన్ను చూసినారు.
అట్లా చేరినా. ఫారం గీరం ఏమీ లేదు.
లెక్కలు రాయమని నోటుబుక్కొకటి చేతిలో పెట్టినారు.

ఆటో డీజిలు మూడొందలు. ఇడ్లీలు నూటెనభై.
తాడు: హమీదా వాళ్ల నాయన ఊరికే ఇచ్చినాడు.
జమ: ఇంటికి ఇరవై, తొమ్మిదిండ్లు.
తక్కిన రెండిండ్లు వచ్చే నెల.

వజ్రవేలుది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా.
సీజనైపోయినాక మూల పడేసే నీలం డ్రమ్ములు
మేనేజరు కాళ్లావేళ్లా పడి ఆరు తెచ్చినాడు.
ఎన్నిసార్లు కడిగినా తోతాపురి వాసన పోలేదు.
కలవకుంట జలాశయం గట్టున
ఆ ఆరింటినీ వెదుర్లకు కట్టాల.
దిలీపు బొమ్మల పుస్తకం ముందేసుకోని
ఇట్ల అంటాడు, కాదు అట్ల అంటాడు,
క్లోవ్ హిచ్ అంటాడు,
తాడు జారిపోతానే ఉంది.

నేను చేయి పెట్టినా.
ఒక మెలి, దాని పక్కన ఇంకో మెలి, గుంజు.
రోజూ సాయంత్రం గడప మీద కూర్చోని
మా చెల్లెలు కనకాంబరాలు కట్టే ముడి.
కాడ నలగకూడదు, పువ్వు జారకూడదు, అంతే.
"అక్కా, అదే!" అని అరిచినాడు.
పుస్తకంలో బొమ్మా నా చేతిలో తాడూ
పక్కపక్కన పెట్టి చూసినాం.
ఓడలోళ్లు మా దగ్గర నేర్చుకున్నారో
మేమే వాళ్ల దగ్గర నేర్చుకున్నామో
ఎస్తేరమ్మకు గూడా తెలీదు.

ముప్పై ఆరు పూలముళ్లతో
డ్రమ్ములు నీళ్లలోకి దిగినాయి.
ఒక మూల వంగింది. అయినా తేలింది.
ముందు హమీదా, దాని ఎనక ముగ్గురు,
కడాకు "నువ్వెక్కక్కా" అన్నారు.

నాకు ఈత రాదు.
నేను కుట్టిన పట్టీనే నా రొమ్ము మీద బిగించినారు.
ఇన్నేళ్లూ నా కుట్టును ఊరోళ్లు నమ్మినారు,
ఆ పొద్దు నేను నమ్మాల్సొచ్చింది.
పది బారలు పోయి తిరిగొచ్చినాం. అంతే.
ఇంటికొచ్చి మిషను తొక్కుతాంటే
కాళ్ల కింద ఇంకా ఏదో ఊగుతానే ఉంది.
బ్లౌజు పీసుకంతా మామిడి వాసన.

తూపిలిపాలెం పోదామని పోయినేడే అనుకున్నాం.
వ్యానుకు లెక్క చాలక ఆగింది. ఈ యేడూ ఆగొచ్చు.
ముందు ఇంకో నాలుగు జాకెట్లు.

ఆదివారం ఆరింటికి గిరింపేట మలుపులో ఉంటాం.
ఈత రాకపోయినా రాండి.
పిల్లోళ్లందరూ నీళ్లలోకి పోయిన నాడు
వంతుల పలక పట్టుకునేదానికి
గట్టు మీద మనిషి కావాల గదా.
ఇడ్లీలు మాత్రం ఎనిమిదింటికే.