ఎడమ చెప్పు

పుళల్ జైలు నుంచి వచ్చిన కాగితం
రూళ్ళ పుస్తకంలోంచి చింపింది.
పైన సూపరింటెండెంటు గుండ్రటి ముద్ర.
మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి.

తంబుచెట్టి వీధిలో, జెరాక్స్ కొట్టు మేడ మీద
పేజీకి నూట ఇరవై లెక్కన
తెలుగుని ఇంగ్లీషు చెయ్యడం నా పని.
ఎక్కువగా వీలునామాలు, పాత దస్తావేజులు,
ఉత్తరాన పంటకాలవ, దక్షిణాన కోదండయ్య కల్లం.
ఇలాంటిది ఏడాదికి ఒకటో, రెండో.

"మహారాజశ్రీ జడ్జీ దొరగారికి
సూళ్ళూరుపేట చెంగయ్య దండం పెట్టి రాసుకునేది.
నాది పోలియో కాలు. ఎడమది రెండు వేళ్ళు పొట్టి.
దానికి ఎత్తు చెప్పు ఉండేది.
అట్టలో ఇనప రేకుందని గేటు దగ్గర తీసేసుకున్నారు.
రసీదు ఇవ్వలేదు. పదమూడు నెలలయింది.
కేసు సంగతి నేనడగడం లేదు, అది మీరే తేల్చండి.
నా చెప్పు నాకిప్పించండి.
అది లేకపోతే నేను నడవను అయ్యా, ఒరుగుతాను."

చివరి మాట దగ్గర పెన్ను ఆగింది.
వానకి నానిన గోడ ఒరుగుతుంది,
గడ్డివామి ఒరుగుతుంది,
ప్రాణం పోయేవాడు ఒరుగుతాడు.
ఇంగ్లీషులో ఏదో కుంటిమాట పెట్టి సరిపెట్టాను.

చెప్పు దగ్గర ఇంకా చిక్కు.
కాలికి తొడిగేదీ, నోరు తెరవమనేదీ
మనకి ఒకటే మాట.
రెండిట్లో ఒక్కటే అవతలి ఒడ్డు చేరింది.

ఉచిత న్యాయసహాయం లాయరు కుళలి
నా పేజీ పైన ఇరవై ఒకటో అధికరణం తగిలించింది.
చెంగయ్య కాలు కాస్త పొడుగైనట్టనిపించింది.

మొదటి వాయిదా: జవాబు దాఖలు కాలేదు.
రెండోది: ఖైదీ నడక సంతృప్తికరం, అని జవాబు.
మూడో వాయిదాకి జడ్జి కళ్ళజోడు తీసి
"ఏ కాలు?" అన్నారు.
సర్కారు ప్లీడరు కాగితాలు తిప్పాడు,
ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి.
వెనక బెంచీలో నేను
ఎందుకో నా ఎడమ పాదం నేలకి ఆనించి చూసుకున్నాను.

ఉత్తర్వు పద్నాలుగు లైన్లు.
అంతా ఇంగ్లీషు.
దాన్ని తెలుగు చెయ్యమని ఎవరూ అడగలేదు,
ఆ వైపుకి రేటు లేదు.

కొరుక్కుపేట ఇంట్లో, కరెంటు పోయి వచ్చాక,
ఇన్లాండు కవరు మీద రాశాను.
ఇదీ ఆ ముద్ర కిందనుంచే వెళ్ళాలి.

చెంగయ్యా,
కోర్టు నీ కాలు సంగతి విన్నది.
పాతది స్టోరు గదిలో దొరకలేదంట.
రెండు వారాల్లో కొత్తది కుట్టించాలి వాళ్ళు.
కొలత అడగడానికి మనిషొస్తాడు.
రెండు వేళ్ళని ఊరుకోకు, దండం పెట్టకు,
సెంటీమీటర్లలో
చెప్పు.