అరవీసం

వేట నిషేధం నలభయ్యో రోజు.
ఫిషింగ్ హార్బర్ జెట్టీకి రెండు వరసల్లో
బోట్లు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి.
సూరాడ తాతబాబు బోటు డెక్కు మీద
వల మడతే పరుపు, ఐసుపెట్టె మూతే బల్ల,
లోపలా బయటా ఆట.

నేను ముక్కలు ముట్టను, చూస్తాను.
తొమ్మిదేళ్ళు ఓడ కాసినోలో
ఇరవయ్యొకటి బల్ల దగ్గర పంచాను,
నల్లకోటు, జేబులు కుట్టేసిన ప్యాంటు.
ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మల లెక్క రాస్తాను.

ఓడ సంగతులు చెప్పమంటే ఒకసారి చెప్పాను తాతబాబుకి.
పంచేవాడి ముందు ఆసు పడితే
బీమా కడతారా అని నవ్వుతూ అడుగుతాం.
ఆ బీమా పండించేవి పదమూడింటిలో నాలుగు ముక్కలే.
ఒకటికి రెండిస్తాం,
ధర్మంగా రెండుంపావు ఇవ్వాలి.
ఆ పావులోంచే ఓడకి డీజిలు, నాకు జీతం.

అతని చెవికి పావు ఎక్కలేదు.
రెట్టింపు ఎక్కింది.
వంద పోతే రెండొందలు, అదీ పోతే నాలుగొందలు,
"ఎప్పుడో ఒకప్పుడు కొట్టమా ఏటి బావా,
పోయిన సోటే ఎతుక్కోమన్నారు పెద్దోళ్ళు."
పెద్దోళ్ళు ఉంగరం గురించి అన్నారు, తాతబాబూ.

మొన్న శుక్రవారం వరసగా ఏడుసార్లు బయటే పడింది.
వందతో మొదలై ఆరువేల నాలుగొందల దాకా,
మొత్తం పన్నెండువేల ఏడొందలు,
గేర్‌బాక్సుకని దాచిన కవరులోంచి.
ఎనిమిదో పందేనికి పన్నెండువేల ఎనిమిదొందలు కావాలి.
కవరులో మూడొందలున్నాయి.
గెలిస్తే మిగిలేదెంత, అడిగాను.
వంద, అన్నాడు,
ఇంజను గదిలోకి చూస్తూ.

నాలుగింటికి మైలపల్లి పైడమ్మ వచ్చింది
పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్ముకుని.
ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది.
కొంగుముడి విప్పి లెక్కపెట్టింది, తొమ్మిదొందల అరవై.
పెదాలు ఓసారి కదిపి
ముప్పై పెట్టింది,
మొదటి ముక్క పడే వైపు. ఎప్పుడూ ఆ వైపే.
గెలిస్తే తర్వాతి పందెం ముప్పయ్యొకటి,
ఓడితే ఇరవై తొమ్మిది.
చిల్లర కోసం ఆట ఆపిస్తుంది. అందరూ తిడతారు.

ఐసు రసీదు వెనక లెక్క వేశాను.
మొదటి ముక్క పడే వైపుకి నూటికి యాభై ఒకటిన్నర,
రెండో వైపుకి నలభై ఎనిమిదిన్నర. తేడా మూడు.
వందకి వంద ఇచ్చే ఆటలో
తేడా ఎంతో సంచిలోంచి అంతే తీయాలి.
దానికి రెండింతలు దాటావా
గెలిచే వైపున కూర్చునే ఎండిపోతావు.
(ఓడలో ఆ వైపుకి తొంభయ్యే ఇస్తారు.
బోర్డు మీద రాసే ఉంటుంది. ఎవరూ చదవరు.)

ఎవరు నేర్పారమ్మా, అన్నాను.
"నేర్పడానికేటుంది నాయనా.
యేలంపాటకి ఎల్తూ మాయమ్మ సెప్పేది,
మూత తియ్యని గంపకి కొంగులో అరవీసమే కట్టు అని.
ఒకేపాలి ములిగిపోతే
తెల్లారి ఒడ్డుకెవుడొస్తాడు?"

అరవీసం. ముప్పై రెండో వంతు.
నూటికి మూడు, మీద ఒక పరక.
నా రసీదులో పరక తప్పింది, అంతే.

ఆ సాయంత్రం పైడమ్మ ఓడిపోయింది కూడా.
నూటపదమూడు.
కొంగు ముడేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని
చెంగల్రావుపేట వైపు నడిచింది,
రోజూ నడిచినట్టే.

నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
ఓడ ఉద్యోగం మానేసిన రాత్రి
ఒక రేవులో, ఎవరిదో బల్ల మీద
రెండేళ్ళ జీతం ఒకే చేతికి పెట్టాను.
ఆసు, రాజు.
జ్ఞానాపురంలో నా రెండు గదులూ అవే.
లెక్క ప్రకారం ఆ ఇల్లు తప్పు.
వానాకాలం గోడకి చెమ్మ ఎక్కినప్పుడల్లా
ఆ తప్పులోనే పడుకుని పైకప్పు చూస్తుంటాను.

చీకటి పడింది. డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
నీళ్ళ మీంచి తిరిగి తిరిగి వస్తోంది.
తాతబాబు కవరు విదిల్చాడు.
మూడొందలు.
"ఎంతెట్టమంటావు బావా?"

తొమ్మిది, అన్నాను.

అతను నవ్వలేదు. పదికాగితం తీశాడు.
రూపాయి చిల్లర
బోటులో ఎవరి దగ్గరా లేదు.