జారుముడి

బ్రైడీ కరెంటు కడ్డీతో
నా జుట్టుకి ఉంగరాలు తొడుగుతానంది.
తొడిగింది.
సముద్రకాకి ఈకలు పొయ్యిలో పడ్డ వాసన.
ఎడమచెవి మీది పాయ కడ్డీకే ఉండిపోయింది,
నేను మాత్రం ఇంటికొచ్చాను.

అమ్మకి పీతల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఇంట్లో ఉన్నది తాత ఆంబ్రోస్,
న్యూఫౌండ్లాండ్ రేవుల్లో నలభై ఏళ్లు
కాడ్ చేపల వలలు బాగుచేసిన మనిషి.
తిట్టలేదు. నవ్వలేదు, అది ఇంకా నయం.
కుర్చీ కిటికీ దగ్గరకి లాగి
రెండో వైపు కూడా చెవిదాకా కత్తిరించాడు.
చాలాసేపటికి
"ఇక పెరగనీ" అన్నాడు.

పెరగడమంటే ఏమిటో ఆ చలికాలం తెలిసింది నాకు.
అద్దం ముందు నిలబడతావు, ఏమీ జరగదు.
మంచు కిటికీలో సగం దాకా లేస్తుంది,
ఒడ్డున పడవలు బోర్లా పడుకుంటాయి,
జుట్టు అక్కడే ఉంటుంది.
తాత మాత్రం ఒకటో తారీకు రాగానే
వల కన్ను కొలిచే చెక్కముక్క తెచ్చి
నా చెవి కింద ఆనించేవాడు.
"సగం కన్ను."
ఇంకో నెలకి, "సగం మీద ఒక పిసరు."
ఆటుపోట్ల పంచాంగంలో, పోటు వేళల పక్కన,
పెన్సిల్‌తో రాసుకునేవాడు.

తువ్వాలుతో రుద్దనిచ్చేవాడు కాదు.
తన పాత బనీనుతో అద్దేవాడు,
వానలో తడిసొచ్చిన పిల్లిని అద్దినట్టు.
దువ్వెన ఎప్పుడూ చివర్ల నుంచి పైకి.
చిక్కు పడ్డచోట లాగకూడదట,
కొంచెం కిందనుంచి దారి అడగాలట.

రెండో మార్చిలో భుజాలకి తగిలింది.
ఉంగరాలు కావాలన్నాను, మళ్లీ.

బీరువాలోంచి అమ్మమ్మ ఫ్లానెల్ గౌను తీశాడు.
ఆమె పోయి అప్పటికి మూడేళ్లు.
ఒక నిమిషం పట్టుకుని, చర్రుమని చించాడు.
పదహారు పీలికలు.
"మీ అమ్మమ్మ ఇలాగే చుట్టుకునేది, పొయ్యి ఆర్పేశాక."
జుట్టు తడిగా కాదు, చెమ్మగా ఉండాలి,
ఉప్పుగాలికి ఆరీ ఆరని చొక్కా ఎంత చెమ్మో అంత.
పాయ కొసని పీలిక మీద పెట్టి
పైకి, ఇంకా పైకి, మాడుదాకా చుట్టి
ముడి.

అక్కడే వచ్చింది తంటా.
ఆ వేళ్లు వేసేవన్నీ తుఫానుకి కూడా ఊడని ముడులు.
తెల్లారింది, బడి బస్సు మలుపు తిరిగింది,
నా తల మీద పదహారు పీటముడులు.
గోళ్లతో, పళ్లతో, వల అల్లే సూదితో
తొమ్మిది విప్పాడు.
మిగతా ఏడూ కత్తెరతో,
ఊపిరి బిగబట్టి,
గుడ్డనే కోస్తూ, వెంట్రుక ఒక్కటీ తగలకుండా.
ఒకవైపు ఉంగరాలూ మరోవైపు అలలతో
బడికి నడిచే వెళ్లాను.
ఎవరో నవ్వారు. బ్రైడీ నవ్వలేదు.

జారుముడి తెలియక కాదు,
ఆయన దాన్నెప్పుడూ నమ్మలేదు.
తమ్ముడి పడవ ఒక రాత్రి
అలాంటి ముడి విప్పుకునే రేవు దాటిపోయిందట.
ఇది అమ్మ చెప్పింది, చాలా తర్వాత.
ఆ సాయంత్రం నేను చూసింది ఇంతే:
వంటబల్ల ముందు డెబ్బై రెండేళ్ల మనిషి,
చేతిలో ఫ్లానెల్ పీలిక,
కుర్చీ కోడుకి ముడి వేయడం, కొస పట్టి లాగడం.
వేయడం, లాగడం.
టీ చల్లారిపోయింది.

ఇప్పుడు నాకు ముప్ఫై ఆరు.
సెయింట్ జాన్స్‌లో మూడో అంతస్తు గది,
కింద హార్బర్ లైట్లు.
పీలికలు తొమ్మిదే మిగిలాయి, అవే వాడతాను,
చాలకపోతే సాక్సు.
నిద్ర సరిగా పట్టదు, అది నిజం,
దిండు మీద ఎటు తిరిగినా గడ్డలు.
పొద్దున దువ్వెన ముట్టను.
కిటికీ తెరిచి,
ఒక్కో కొసా పట్టి
మెల్లగా లాగుతాను.