నునుపు

రికార్డింగ్ మొదలయ్యే ముందు ఫర్నేస్ ఆపెయ్యాలి,
దాని గురక మైకులో పడుతుంది.
అందుకే ఆ ఫిబ్రవరంతా డెట్రాయిట్‌లో, లివర్నోయ్ వీధిలో,
టైలరు షాపు కింద నా నేలమాళిగలో
కోట్లు విప్పకుండానే పనిచేశాం.
డ్రమ్ముల ఆర్లాండిస్ గ్లోవుల వేళ్లు కత్తిరించుకున్నాడు.
కీబోర్డు దగ్గర డెల్ఫిన్ ప్రతి టేకుకీ ముందు
టీ కప్పుని రెండు చేతులా పట్టుకుని
అప్పు అడుగుతున్నట్టు దానివంక చూసేది.
లవెల్ ప్రూయిట్ మాత్రం శాక్సొఫోన్‌ని
కోటు లోపల దాచుకుని వచ్చేవాడు, చంటిపిల్లని తెచ్చినట్టు.
ఇత్తడి చల్లబడితే స్వరం కిందికి జారుతుంది, అనేవాడు.
నాకు తెలుసు. అయినా రోజూ చెప్పించుకున్నాను.

అరవై రెండేళ్లకి మొదటి ఆల్బం.
పది పాటలు. పేరింకా పెట్టలేదు.

ఇలాంటి సంగీతాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు.
పళ్ల డాక్టరు బయటిగదికి పనికొచ్చేది,
లిఫ్టులో నాలుగంతస్తులకి సరిపోయేది.
మా తమ్ముడే అన్నాడు:
ఎక్కడా ఓ గరుకు లేదేమే, అని.

గరుకు గురించి లవెల్‌ని అడగాలి.
ఇరవై ఏడేళ్లు కార్ల ఫ్యాక్టరీలో
రంగు పడబోయే తలుపుల్ని గరుకుకాగితంతో తోమినవాడు.
ముందు ఎనభై నంబరు, తర్వాత రెండొందల ఇరవై,
ఆఖర్న నీళ్లలో తడిపిన ఆరొందలు.
కంటికి ఆనని గీత వేలికి తెలుస్తుంది,
వేలికీ తెలియనిది చెంపకి తెలుస్తుంది,
ఫోర్‌మన్ అటు తిరిగినప్పుడు
తలుపుకి చెంప ఆనించేవాణ్ణి, అన్నాడు.
"నున్నగా ఉన్నదాన్ని ఎవరూ చూడరు, నెల్డా.
అందులో మొహం చూసుకుంటారు, అంతే."

దూరపు కొండలు నునుపంటారు.
నేను దగ్గరగా విన్నాను, హెడ్‌ఫోన్లలో, రాత్రి ఒంటిగంటకి.
మూడో పాటలో, పైస్వరం నుంచి కిందికి వాలే చోట
పదకొండు టేకులు.
పదకొండోసారి అది తడి సబ్బు మీద చెయ్యిలా జారింది.
మిగతా పదింటి పొడి ఎక్కడ రాలిందో నాకు తెలుసు,
నేలంతా అదే.

షికాగో నుంచి కంపెనీవాళ్లు రాశారు:
అంతా బావుంది, ఊపిరి చప్పుళ్లు తీసెయ్యండి.
ఇరవై ఏడేళ్ల పొడి అతని ఛాతీలో మిగిల్చిన
చిన్న ఈల గురించి వాళ్లు రాసింది.
తీశాను. పాటకి నలభై, యాభై.
కోసి, అతికించి, అతుకు చెవికి తగలకుండా రుద్ది,
ఎనభై, రెండొందల ఇరవై, ఆరొందలు.
నేనూ ఆ లైనులోనే నిలబడ్డాను.

కోసినవి పారెయ్యలేక ఒక ఫైల్లో పోగేశాను.
వరసగా వింటే ఆరు నిమిషాల పైచిలుకు,
ఎవరో మెట్లెక్కుతున్నట్టు,
ఏ అంతస్తూ రానట్టు.

ఏడో పాటలో ఒకటి వదిలేశాను.
రెండో నిమిషం దాటాక, కీబోర్డు సద్దుమణిగాక,
శాక్స్ మళ్లీ అందుకోబోయే ముందు.
కంపెనీ పట్టుకోలేదు. లవెల్ పట్టుకున్నాడు.
ఏమీ అనలేదు.
వంగి, స్పీకరుకి చెంప ఆనించాడు.

అక్టోబరులో ఫర్నేస్ నిజంగానే చెడిపోయింది.
గ్యాస్ కంపెనీకి ఫోన్ చేస్తే లైన్లో ఉండమన్నారు.
ఏదో వాయిద్యం మోగుతోంది, నేను బిల్లు వెతుక్కుంటున్నాను.
కాసేపటికిగానీ పోల్చుకోలేదు.
ఏడో పాట. ఆ సన్నటి తీగలో నలిగి,
బాస్ మొత్తం పోయి, డెల్ఫిన్ సగం పోయి.
బిల్లు వదిలేసి, కోటు వేసుకునే,
ఫోనుకి చెంప ఆనించి నిలబడ్డాను.
రెండో నిమిషం.
వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటుండగా
వచ్చింది.
"ఆలస్యానికి క్షమించండి, చెప్పండి" అంది ఒకమ్మాయి.
ఒక్క క్షణం, అన్నాను.
పాట అప్పటికే తెగిపోయింది.

అతను ఊపిరి పీల్చుకున్నాడు.
ఇంకా వదల్లేదు.