ఒక పేజీ ఎక్కువ

గ్రంథాలయం పెట్టెల అడుగున దొరికింది,
మూలలు ఎలుకలు కొరికిన పెద్ద బొమ్మల పుస్తకం.
మొదటి పేజీల ఒక పిలగాడు
చెడ్డీ మీద నిలబడి నవ్వుతుంటడు.
తోలు రెక్క లేపితే ఎర్రటి కండ,
కండ లేపితే పేగులు,
పేగులు లేపితే బొక్కలు.
తలుపులున్న మనిషి!
మూడో తరగతి మొత్తం ఒక్కసారే మీద పడ్డది.

"కాలేయం" అని చదివిన.
ఎవ్వలు పలకలే.
అర్బాజ్ లేచిండు,
వాళ్ళ అబ్బా ఐతారం ఐతారం మటన్ కొడతడు.
"కార్జం, మేడం."
ఇంక ఆగలే వాడు.
ఇది బోటి, గివి గుర్దాలు, గిది తిల్లి,
పైన భేజా, అది మస్తు పిరం.
నవ్వి నవ్వి పోరలందరు
ఎవరి కడుపు వాళ్ళు ఒత్తి సూసుకున్నరు,
లోపట గంత సామాను పెట్టుకొని
ఇన్నొద్దులు ఉత్తగనే తిరిగినట్టు.

గుండె ఉండాల్సిన కాడ
ఎండిన జిగురు మరక ఒక్కటే ఉన్నది.
మాకంటే ముందు ఈ పుస్తకం ఏ బడి తిరిగొచ్చిందో,
ఎవరు జేబుల పెట్టుకపోయిన్రో.

పండ్ల పేజీ వచ్చేసరికి
నాకు తెల్వకుండనే చెయ్యి నోటికి అడ్డం పోయింది,
సుద్దముక్కతో సహా.
చిన్నప్పటి అలవాటు.
పెండ్లి ఫోటోల గూడ మూతి ముడుచుకునే ఉంట.
మా ఊరి బోరింగు నా పండ్ల మీద రాసిన రాత
ఏ పేస్టుకూ పోలే.
పుస్తకంల ముప్పై రెండు, కొత్త సున్నమేసిన గోడ.
పిల్లలవి గూడ తెల్లగనే ఉన్నయి,
నల్లాలల్ల కృష్ణ నీళ్ళొచ్చినంక పుట్టినోళ్ళు.
"మేడం, మీయి చింతగింజలా?"
ముందల కూసున్నోడు అడిగిండు.
తిట్టలే. చెయ్యి తీసిన.
"అవున్రా, లెక్కపెట్టు."
వాడు వేలు పెట్టి, ఒక కన్ను మూసి,
ఇరవై తొమ్మిది దాక లెక్కపెట్టిండు.

ఆఖరి రెక్క కింద
రెండువందల ఆరు ఎముకలు,
నిన్న నాటిన కరెంటు స్తంభం లెక్క నిటారుగ.
జోష్న, రిజిస్టరుల జ్యోత్స్న,
చానాసేపు సూసింది.
"ఇవి ఎవరి బొక్కలు మేడం?"
"అందరియి."
"మా అండాలు నాయనమ్మయి గిట్ల లేవు."

నాకు ఎర్కే అండాలమ్మ.
మంచం నుంచి గడప దాక కట్టె పట్టుకొని వస్తది,
నడుస్తున్నదో, పడ్డదేదో ఎతుకుతున్నదో తెల్వది.
పిలిస్తే మెడ తిరగదు, మనిషంత తిరగాలె.
మా అమ్మ, ఆమె ఒక్క బాయిలనే చేదిన్రు.
మర్రిగూడ దిక్కు ఏ గల్లీల అడిగినా
గిట్లాంటి నీడ ఒకటి అరుగు మీద కూసోని ఉంటది.
ఫ్లోరిన్ అని చెప్పొచ్చు. బోర్డు మీద రాయొచ్చు.
పుస్తకం మూసిన.
బెల్లు గూడ అప్పుడే కొట్టిన్రు, మంచిదైంది.

తెల్లారి పుస్తకం మందమైంది.
బొక్కల మీద ఇంకో రెక్క,
లెక్కల నోటుబుక్కు కాయితం,
అన్నం మెతుకులతోని అంటించింది.
పెన్సిలుతోని ఎన్నుపూస, కొడవలి తీరు.
రుద్ది రుద్ది చిరిగేదాక మళ్ళ మళ్ళ గీసిన మోకాలు.
అన్నిట్కి నంబర్లు.
పక్కన నిలబెట్టిన చేతికట్టెకు గూడ ఒకటి:
207.

తనిఖీకొచ్చిన సారు
ఆ రెక్క కాడ ఆగిండు.
"సర్కారు పుస్తకం ఖరాబు చేసిందెవరు?"
జోష్న బెంచీ కిందికి జారింది.
"ఖరాబు కాలే సార్," అన్న నోరు తెరిచి,
"అండ్ల మా ఊరి పేజీ లేకుండె."
ఆయన నా పండ్ల దిక్కు సూసిండు,
అటెన్క కిటికీ దిక్కు.

పొద్దుగూకినంక స్టాకు రిజిస్టరు తీసిన.
మానవ శరీరం, బొమ్మలది, ఒకటి.
తక్కువ: గుండె.
ఎక్కువ: పేజీ ఒకటి.
సంతకం పెట్టి లేస్తే
మెతుకుల వాసనకు
పుస్తకం అంచు పట్టుకొని చీమలు బారుగట్టినయి.
ఊది, దులిపి,
రేపు ఎండల పెట్టాలని
కిటికీల నిలబెట్టొచ్చిన.